ఖాళీ బస్సుల ప్రశ్న

ఆఫీసులో అందరూ ఆమెను గడియారం అని పిలిచేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. "గడియారం గారూ, తూర్పు వార్డు ఫారాలు అయిపోయాయా?" అని అడిగితే, అదే తన అసలు పేరన్నట్టు "అయిపోయాయండీ" అనేది. ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్ళుగా ఇంటింటికీ తిరిగి జనం అభిప్రాయాలు అడిగి రాసుకునే ఉద్యోగం ఆమెది. ఏ గుమ్మం ముందు నిలబడినా, చేతిలో ఏ ఫారం ఉన్నా, ఒకే గొంతు, ఒకే వేగం. "ఎన్నికలు రేపే జరిగితే ఎవరికి ఓటేస్తారు?" అన్నా, "మీ ఇంట్లో ఏ సబ్బు వాడతారు?" అన్నా ఆ గొంతులో వీసమెత్తు తేడా ఉండేది కాదు. కుక్క మీదికొచ్చినా సరే, మొదలుపెట్టిన వాక్యం పూర్తిచేశాకే పరిగెత్తేదని తోటివాళ్ళు కథలు చెప్పుకునేవారు. అందులో సగం నిజం.

ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. భర్త ముందుగదిలో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. మాట తక్కువ మనిషి. మధ్యాహ్నం ఆమె వంటింట్లోంచి తొంగిచూసి, "భోజనం ఇప్పుడు చేస్తారా, కాసేపాగి చేస్తారా?" అంటే, ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, "ఏమీ చెప్పలేను" అని గంభీరంగా జవాబిచ్చేవాడు. అది ఆమె ఫారాల్లో అవును, కాదు తర్వాత ఉండే మూడో గడి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ జోకు అరిగిపోయింది కానీ ఇద్దరూ దాన్ని పారేయలేదు.

ఆ ఉద్యోగంలో ఆమెను పెట్టింది వదిన. భర్తకు అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని. గట్టి మనిషి, గట్టి గొంతు, నవ్వితే వీధి చివరికి వినపడేది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె నోట్లోంచి మాట పెగిలేది కాదు. పక్కింటావిడ పలకరిస్తే తలుపు వెనక్కి తప్పుకునేది. ఆదివారాలు వదిన వచ్చి కాళ్ళు చాపుకు కూర్చుని, "నాకు కళ్ళు లాగుతున్నాయి, పేపరు చదువు" అని పురమాయించేది. కళ్ళు ఏమీ లాగేవి కావు, ఈ పిల్ల నోరు విప్పాలని అంతే. ఒకరోజు ఆ పేపర్లోనే ప్రకటన పడింది: స్పష్టంగా చదవగలిగినవారు కావలెను. వదిన చెప్పులేసుకుని మరదలి చెయ్యి పట్టుకుని బయల్దేరింది. "నువ్వు మాట్లాడక్కర్లేదే. చదివితే చాలు. చదవడం నీకొచ్చుగా!" అని దారంతా చెప్పుకుంటూ వెళ్ళింది.

ఆ మాట ఆమెకు తారకమంత్రమైంది. మాట్లాడక్కర్లేదు, చదివితే చాలు. సొంత మాటలు లేనివాళ్ళకు ఇంతకన్నా మంచి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?

పని నేర్పినాయన్ని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన మూడే మూడు సూత్రాలు చెప్పాడు. రాసింది రాసినట్టు చదవాలి. అవతలివాళ్ళు అర్థమేమిటని అడిగితే, "మీకు ఎలా అర్థమైతే అలా చెప్పండి" అనాలి తప్ప వివరించకూడదు. సొంత అభిప్రాయం చచ్చినా బయటపెట్టకూడదు. "నువ్వు ఒక మాట కలిపితే ఆ జవాబు వాళ్ళది కాదమ్మా, నీది" అనేవాడు. ఆమెకు అది నచ్చింది. లక్ష గుమ్మాల ముందు నిలబడి ఒక్క జవాబులో కూడా తన నీడ పడనివ్వలేదని ఆమెకు గర్వం. పైకి కనపడని గర్వం, అంచేత మరీ గట్టిది.

పెద్దాయన ఇంకో పని కూడా చేసేవాడు, కానీ అది సూత్రాల్లో చెప్పలేదు. ప్రశ్న తయారయ్యాక దాన్ని వీధిలోకి పంపేముందు, ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర పదిమందిని ఆపి చదివి వినిపించేవాడు. జవాబు అడిగేవాడు కాదు. "ఇందులో ఏమడుగుతున్నారనుకుంటున్నారు?" అని అడిగేవాడు. పదిమంది పది రకాలుగా చెబితే ఆ ప్రశ్న చెత్తబుట్టలోకి వెళ్ళేది. ఆయన రిటైరై నాలుగేళ్ళయింది. కంపెనీ చేతులు మారింది. కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. చేతికి పళ్ళెమంత వాచీ, నోట్లో ఎప్పుడూ "త్వరగా" అన్న మాట. టీ కొట్టు దగ్గరికి అతను టీ తాగడానికే వెళ్ళేవాడు.

ఆ ఏడాది కౌన్సిల్ ఎన్నికలకు ఇంకా అయిదు నెలలుందనగా మేయరు ఆఫీసు నుంచి ఒక సర్వే వచ్చింది. మూడు ప్రశ్నలు. మొదటిది, మీ వీధి రోడ్డులో గుంతలు మీకు ఇబ్బంది కలిగిస్తున్నాయా? రెండోది, రోడ్లు బాగుచేయడం ఇంకా ఆలస్యం చేయకూడదని మీరు ఒప్పుకుంటారా? మూడోది అసలైనది: "ఖాళీగా తిరుగుతూ ప్రజల డబ్బు వృథా చేస్తున్న బస్సులను ఆపివేసి, ఆ డబ్బుతో రోడ్లు బాగుచేయాలన్న మేయరు గారి ఆలోచనను మీరు సమర్థిస్తారా?"

ఫారాలు పంచుతున్నప్పుడు ఆమె ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ లేనిది ఒక మాట అడిగింది. "ఏ బస్సులండీ?"

"లిస్టు వెనక అనుబంధంలో ఉంది. అది చదవక్కర్లేదు, మన సమాచారం కోసం" అన్నాడు సూపర్‌వైజరు వాచీ చూసుకుంటూ.

ఆమె కాగితం తిప్పింది. ఆరు, పద్నాలుగు, ఇరవై ఒకటి. రోజు మొత్తం మీద సగటున ఇన్ని సీట్లు ఖాళీ అని పక్కన అంకెలు. పద్నాలుగు కొండమీది వాడకు వెళ్ళే బస్సు. కొండమీది వాడలో వదిన ఉంటుంది. తెల్లవారుజామున అయిదుంబావుకు ఆ బస్సెక్కితేనే వదిన ఆరింటి షిఫ్టు అందుకుంటుంది. ఆ వేళ బస్సులో కాలు పెట్టే చోటుండదు. లాండ్రీ వాళ్ళు, రొట్టెల ఫ్యాక్టరీ వాళ్ళు, ఆఫీసులు ఊడ్చేవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి వెళతారు. మధ్యాహ్నం మాత్రం అది డ్రైవరుతో, ఇద్దరు ముసలివాళ్ళతో తిరుగుతుంది. నిండిన బస్సునూ ఖాళీ బస్సునూ కలిపి సగటు తీస్తే ఖాళీ బస్సే వస్తుంది మరి.

ఆమె కాగితం మళ్ళీ ముందువైపుకు తిప్పింది. చదవాల్సింది ముందువైపే కదా.

ఏడో ఇల్లు, మళ్ళీ ఏడో ఇల్లు. అలా లెక్కపెట్టుకుంటూ వెళ్ళాలి, మధ్యలో నచ్చిన తలుపు కొట్టకూడదు. కొండమీది వాడలో ఆమె వాటా నలభై ఒక్క గుమ్మాలు. జనం ఉత్సాహంగా జవాబులు చెప్పారు. గుంతలా? అయ్యో, మొన్ననే మా పిల్లాడి సైకిలు విరిగింది! ఆలస్యమా? ఇంకా ఎన్నాళ్ళమ్మా! అలా రెండు అవునులు అనేశాక మూడో అవును నాలుక చివరే ఉంటుంది. ఖాళీ బస్సులా? ఆపెయ్యమనండి! తమ బస్సు గురించి అడుగుతున్నారని వాళ్ళకెలా తెలుస్తుంది? వాళ్ళ బస్సులో ఊపిరాడదాయె. ఖాళీ బస్సులంటే ఎక్కడో డబ్బున్నవాళ్ళ వాడల్లో హాయిగా తిరిగే బస్సులని అనుకున్నారు. ఇద్దరు మాత్రం "ఏ బస్సులు?" అని అడిగారు. "మీకు ఎలా అర్థమైతే అలా చెప్పండి" అంది ఆమె. వాళ్ళు భుజాలెగరేసి అవునన్నారు.

ముప్ఫై రెండో గుమ్మం వదినది.

ఆమె వీధిలోనే ఆగిపోయి సూపర్‌వైజరుకు ఫోన్ చేసింది. "మా బంధువులండీ. వదిలేసి పక్కింటికి వెళ్ళనా?"

"ఒకే ఇంట్లో ఉంటారా?"

"లేదండీ."

"అయితే రూలు ప్రకారం అడగాల్సిందే. త్వరగా కానివ్వండి."

వదిన తలుపు తీసి, మెడలో కార్డూ చేతిలో అట్టా చూసి, నడుం మీద చెయ్యేసుకుని పకపకా నవ్వింది. "ఇన్నాళ్ళకు నా వంతు వచ్చిందన్నమాట! లోపలికి రావే మరదలా."

"గుమ్మం దగ్గరే అడగాలి వదినా."

"అబ్బో! సరే, అడుగు. అచ్చం బయటివాళ్ళను అడిగినట్టే అడగాలి సుమా, నాకు చూడాలనుంది."

ఆమె అడిగింది. అచ్చం బయటివాళ్ళను అడిగినట్టే. "నమస్కారమండీ, మీకు కొంచెం తీరిక ఉందా?" దగ్గర మొదలుపెట్టి మూడో ప్రశ్న దాకా ఆ గొంతు ఎక్కడా తొణకలేదు. వదిన మురిసిపోతూ వింది. తను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన పిల్ల ఎంత పనిమంతురాలైందో అని ఆవిడ మొహంలోనే కనపడుతోంది. మూడో ప్రశ్నకు మాత్రం కాస్త తల వంచింది.

"ఏ బస్సులే?"

ఆ ప్రశ్నకు జవాబు అట్టకు అతికించిన కాగితం వెనకవైపే ఉంది. చెయ్యి తిప్పితే చాలు. ఆమె వేళ్ళు కాగితం అంచును పట్టుకున్నాయి కూడా. కానీ నోటికి ఇరవై రెండేళ్ళ అలవాటు. వేళ్ళకన్నా ముందే అది కదిలింది.

"మీకు ఎలా అర్థమైతే అలా చెప్పండి."

"ఖాళీవి ఆపితే మంచిదేగా? అవును, రాసుకో" అంది వదిన. ఆమె ఒకటో గడిలో టిక్కు పెట్టింది.

మూడు వారాలకు పేపర్లో వచ్చింది: వందలో డెబ్బై నలుగురు మేయరు గారి వెంటే. కింద చిన్న అక్షరాల్లో, బస్సులు తగ్గించడానికి అత్యధిక మద్దతు కొండమీది వాడ నుంచే అని. ఇంకో వారానికి బస్టాపులో నోటీసు అంటించారు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఆరు, పద్నాలుగు, ఇరవై ఒకటి నంబరు బస్సులు ఉండవు. ప్రజల కోరిక మేరకు.

ఆ ఆదివారం వదిన వచ్చింది. నడిచి వచ్చింది, బస్సు లేకుండా పనికి వెళ్ళగలదో లేదో పరీక్షించుకోవడానికి. కొండ దిగి ఆసుపత్రి దాకా గంటా ఇరవై నిమిషాలు, అక్కణ్ణుంచి తమ్ముడింటికి పదిహేను. మోకాళ్ళు రెండూ వాచిపోయాయి. రోజూ ఇలా నడిస్తే వారం తిరక్కుండా మంచానపడుతుంది. టాక్సీలో వెళితే జీతమంతా దానికే. పింఛను రావాలంటే ఇంకా మూడేళ్ళు పనిచెయ్యాలి. ఇదంతా తమ్ముడికి చెప్పి, మరదలు తెచ్చిన టీ కప్పు బల్లమీద పెట్టించి, అప్పుడు తల తిప్పి ఆమె కళ్ళలోకి చూసింది.

"ఆ రోజు నేను ఏ బస్సులని అడిగాను. నీకు తెలుసా అప్పటికి?"

"వదినా, అలా చెప్పకూడదు. రూలు..."

"రూలు అడగలేదు నేను. తెలుసా, తెలియదా?"

పక్కనే భర్త చేతిలో మిషను చక్రం ఆగిపోయింది. ఆమె గొంతులోంచి మాట రాలేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఎలా రాలేదో అలాగే. వదిన మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"సరే. ఏమీ చెప్పలేను అని రాసుకో."

టీ అలాగే ఉండిపోయింది. దాన్ని పారబోయడానికి ఆమెకు సాయంత్రం దాకా చేతులు రాలేదు. ఆ తర్వాత రెండు ఆదివారాలు వదిన గడప తొక్కలేదు. తమ్ముడు వెళితే తమ్ముడితో మాట్లాడింది. మరదలి మాట ఎత్తలేదట.

ఆమె మీద జాలిపడాలా కోప్పడాలా అంటే, నేనైతే రెండూ పడతాను. అబద్ధమాడలేదు, డబ్బు తినలేదు, ఒక్క జవాబు దిద్దలేదు. తనకిచ్చిన పని అణువంత తప్పు లేకుండా చేసి సొంత మనిషి కాళ్ళ కింది నేల లాగేసింది. ఇంత నిక్కచ్చిగా పనిచేసేవాళ్ళు తప్ప ఇలాంటి పొరపాటు ఇంకెవరూ చెయ్యలేరు.

నిద్రపట్టని వారం గడిచాక ఆమె పెద్దాయన ఇంటికి వెళ్ళింది. ఆయన వరండాలో కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఫారం రెండువైపులా చదివాడు.

"ఇది టీ కొట్టు దాటేది కాదమ్మా" అన్నాడు చివరికి.

"నేను రాసింది రాసినట్టే చదివానండీ" అంది ఆమె. అనగానే ఏడుపొచ్చింది.

"చదివావు. అలా చదవమని నేనే నేర్పాను. రాసింది అడగదగిందా కాదా అని చూసే పని నాది, అంచేత నీకు నేర్పలేదు. నీకు సగం పనే నేర్పి నేను రిటైరైపోయాను. రెండో సగం ఎవరూ అందుకోలేదు." కళ్ళద్దాలు మళ్ళీ తుడిచాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

ఆ సాయంత్రమే ఆమె కాగితం ముందేసుకుని ప్రశ్న రాయడానికి కూర్చుంది. ఇరవై రెండేళ్ళుగా ప్రశ్నలు మోసిన మనిషి, ఒక్కటీ రాసి ఎరగదు. మొదట ఇలా రాసింది: పేదల నోటికాడి కూడు లాగేసే బస్సుల రద్దును మీరు ఒప్పుకుంటారా? భర్తకు చదివి వినిపించింది. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"ఇది ప్రశ్న కాదు, తిట్టు."

ఇంకోటి రాసింది. మీరు రోజూ కిక్కిరిసి వెళ్ళే పద్నాలుగో నంబరు బస్సును...

"కిక్కిరిసి తీసెయ్యి."

"నిజమే కదా అది!"

"ఖాళీగా అన్నదీ మధ్యాహ్నం నిజమే" అన్నాడాయన. ఆ రోజుకు అది ఆయన చాలా ఎక్కువ మాట్లాడినట్టు.

ఆమెకు ఒళ్ళు మండింది, తర్వాత తల తిరిగింది, తర్వాత నవ్వొచ్చింది. తన కోపం ప్రతి మాటలోకీ దొంగలా దూరుతోంది. ఎనిమిది కాగితాలు చించాక మిగిలింది ఇది: "పద్నాలుగో నంబరు బస్సును పూర్తిగా ఆపివేసి, ఆ డబ్బుతో మీ వాడ రోడ్లు బాగుచేస్తారు. ఇది మీకు సమ్మతమా, సమ్మతం కాదా? ఏమీ చెప్పలేనని కూడా చెప్పవచ్చు." మర్నాడు ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర పదిమందిని ఆపింది. ఇందులో ఏమడుగుతున్నారని అడిగింది. పదిమందీ ఒకటే చెప్పారు.

సెలవు పెట్టి, కాలికి బలపం కట్టుకుని అవే నలభై ఒక్క గుమ్మాలకు మళ్ళీ వెళ్ళింది. మొదటిసారి అవునన్నవాళ్ళు ముప్ఫై ముగ్గురు. ఈసారి నలుగురు సమ్మతమన్నారు, ఇద్దరు ఏమీ చెప్పలేమన్నారు, ముప్ఫై అయిదుగురు కాదన్నారు. ఆ ముప్ఫై అయిదులో వదినా ఉంది. ముప్ఫై రెండో గుమ్మం దగ్గర ఆమె "మీకు కొంచెం తీరిక ఉందా?" అని మొదలుపెట్టింది. ఈసారి ఆ గొంతు వణికింది. వదిన నవ్వలేదు. ప్రశ్న మొత్తం విని, "సమ్మతం కాదు" అని, తలుపు వేసుకుంది. ఆమె గడిలో టిక్కు పెట్టి, కళ్ళు తుడుచుకుని, ఏడిళ్ళు లెక్కపెట్టుకుని ముందుకు వెళ్ళింది.

నెలాఖరుకు కౌన్సిల్ హాల్లో సభ. నోటీసు అంటించినా కౌన్సిల్ ఓటు ఇంకా మిగిలే ఉంది, బస్సుల మీద చివరి మాట ఆ రోజే. ఊళ్ళో ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. సర్వేలో పనిచేసినవాళ్ళు దాని గురించి బయట మాట్లాడితే ఉద్యోగం పోతుందని ఆమె సంతకం పెట్టిన కాగితంలో ఉంది. ఆ కాగితం ఆమె చదివే సంతకం పెట్టింది, చదవకుండా ఏదీ చెయ్యదు కదా.

ఎత్తయిన కప్పు, పాలిష్ చేసిన బల్లలు, నీళ్ళ గ్లాసులు. పదిహేనుమంది సభ్యులు వరసగా కూర్చున్నారు. సూపర్‌వైజరు తెరమీద డెబ్బై నాలుగు అంకె చూపించి కూర్చున్నాక ఆమె లేచింది. అతను గుర్తుపట్టి, "గడియారం గారూ, మీరేంటి ఇక్కడ?" అని గట్టిగానే గొణిగాడు. మాట్లాడక్కర్లేదే, చదివితే చాలు. కాగితం తీసింది.

"నమస్కారమండీ, మీకు కొంచెం తీరిక ఉందా? నేను ఈ సర్వేలో ప్రశ్నలు అడిగిన మనిషిని. అదే పద్ధతిలో సభ్యులను మూడు ప్రశ్నలు అడుగుతాను. అవును అన్నవాళ్ళు చెయ్యెత్తండి. ఒకటి, ఊళ్ళో కొన్ని భవనాలు ఏళ్ళ తరబడి తాళాలేసి ఉండటం మీరు చూశారా?"

నది గట్టున పాడుబడ్డ గోదాములు అందరూ చూసినవే. చేతులు లేచాయి.

"రెండు, ఆసుపత్రికి కొత్త పరుపులు కొనడం ఇంకా ఆలస్యం చేయకూడదని మీరు ఒప్పుకుంటారా?"

అన్ని చేతులూ లేచాయి.

"మూడు, ఖాళీగా పడివుంటూ ప్రజల డబ్బు వృథా చేస్తున్న భవనాలను మూసివేసి, ఆ డబ్బుతో ఆసుపత్రికి పరుపులు కొనాలన్న ఆలోచనను మీరు సమర్థిస్తారా?"

చివర కూర్చున్న బట్టతల సభ్యుడు అనుమానంగా, "ఏ భవనాలమ్మా?" అన్నాడు.

"మీకు ఎలా అర్థమైతే అలా చెప్పండి."

ఆయన ఇటూ అటూ చూశాడు. పక్కవాళ్ళు ఎత్తారు, ఆయనా ఎత్తాడు. పదకొండు చేతులు. ఆమె ఒకటి రెండు అని పైకే లెక్కపెట్టి, కాగితం తిప్పింది.

"అనుబంధం, ఇది చదవక్కర్లేదు కానీ చదువుతున్నాను. ఖాళీ భవనాల జాబితాలో మొదటిది ఈ హాలు. నెలకు రెండు రోజులు నిండుతుంది. ఇరవై ఎనిమిది రోజులు ఖాళీ. సగటు తీస్తే ఖాళీ భవనమే. ప్రజాప్రతినిధుల కోరిక మేరకు దీన్ని మూసేయవచ్చు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక వరసల్లో ఎవరో పకాలున నవ్వారు, ఆ నవ్వు హాలంతా పాకింది. బట్టతల సభ్యుడు ఇంకా గాలిలోనే ఉన్న తన చేతిని చూసుకుని గబుక్కున దించాడు. సభాధ్యక్షురాలు నవ్వాపుకుంటూ బల్ల కొట్టింది.

ఆమె మాత్రం నవ్వలేదు. తన నలభై ఒక్క ఫారాలూ బల్లమీద పెట్టింది. "ఇది నేను రాసిన ప్రశ్న. ఇందులోనూ లోపాలుంటాయి. అడిగింది నేనని వాళ్ళకు తెలుసు, నా మొహం చూసి చెప్పినవాళ్ళూ ఉండవచ్చు. ఇంకెవరినైనా పంపి అడిగించండి. ఒక్కటి మాత్రం... మొదటిసారి వెళ్ళినప్పుడు నన్ను ముగ్గురు ఏ బస్సులని అడిగారు. నేను చెప్పలేదు." ఇంకా అర నిమిషం టైముండగానే కూర్చుంది.

గెలిచిందా అంటే, సగం. మధ్యాహ్నం బస్సులు తీసేశారు. పొద్దుటి రెండూ, సాయంత్రం రెండూ ఉంచారు. ఆ మధ్యాహ్నపు ముసలివాళ్ళిద్దరి సంగతి ఎవరూ అడగలేదు, ఆమెకు అది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. ఉద్యోగం మర్నాడే పోయింది. సూపర్‌వైజరు కార్డు వెనక్కి తీసుకుంటూ, "బాగా చదివారండీ" అన్నాడు. అది వెటకారమో మెచ్చుకోలో ఆమె తేల్చుకోలేకపోయింది.

కొత్త నెల ఒకటో తారీఖున ఆమె మూడింటికే లేచి, చీకట్లో కొండెక్కి బస్టాపులో నిలబడింది. ఎందుకు వచ్చావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర కాగితమేమీ లేదు. వదిన వచ్చింది, చూసింది, పలకరించకుండా వరసలో నిలబడింది. అయిదుంబావుకు పద్నాలుగో నంబరు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కారు. ఆమె కూడా ఎక్కి, ఎవరి మోచెయ్యో డొక్కలో గుచ్చుకుంటుంటే కమ్మీ పట్టుకుంది. మోకాళ్ళ నొప్పుల మనిషని ఎవరో లేచి వదినకు సీటిచ్చారు. ఇద్దరి మధ్యా నలుగురున్నారు.

బస్సు రెండు మలుపులు తిరిగింది. వదిన కిటికీలోంచి చూస్తూనే గట్టిగా అంది.

"ఏమండీ, మీకు కొంచెం తీరిక ఉందా?"

ఆమె ఉలిక్కిపడింది. "ఉంది" అంది.

"ఒక్కటే ప్రశ్న. అప్పట్లో అడిగాను, జవాబు రాలేదు. ఏ బస్సులే?"

బస్సులో ఉన్నవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు. చాలామంది ఆమె వెళ్ళి తలుపు కొట్టిన ఇళ్ళవాళ్ళే. ఆమె చేతిలో అట్ట లేదు, మెడలో కార్డు లేదు. నోటికొచ్చిన అలవాటు వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"నీ బస్సే వదినా. పద్నాలుగు. నాకు ఆ రోజే తెలుసు. తెలిసే నీకు చెప్పలేదు. తప్పు చేశాను."

ఇరవై రెండేళ్ళలో ఆమె గొంతు అలా జీరబోవడం ఎవరూ వినలేదు. వదిన అప్పుడు తల తిప్పింది. చాలాసేపు మరదలి మొహం చూసింది. ఆవిడ కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి, కానీ ఒప్పుకునే రకం కాదు.

"ఆ మాత్రం చెప్పడానికి ఇన్నాళ్ళా? చదవడం నేర్పాను కానీ మాట్లాడటం నేర్పలేకపోయాను నీకు" అని, ఒంటి మనిషి సీట్లో కిటికీ వైపు సగం జరిగింది. "రా, కూర్చో. ఖాళీ బస్సేగా."